జంషెడ్‌పూర్ నుంచి విశాఖకు 645 కిలోమీటర్లు: మరి ఎన్ని గంటలు?

మిత్రులారా, ఈ వారం చరిత్ర వ్యాసాన్ని ఇంట్లో జరిగిన ఒక సంగతితో మొదలుపెడుతున్నాను. సిలబస్ సంగతి ఆ తర్వాత వస్తుంది.

మేముండేది జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో. మా తాత 1960ల్లో శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చాడు. రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. రెండేళ్ల కిందట ఒకరోజు తెల్లవారుజామున ఊరి నుంచి ఫోన్ వచ్చింది. తాత వాళ్ల అక్క పోయింది. "సాయంత్రం దాకా ఉంచుతాం. ఈలోగా రాగలరా?" అని అడిగారు.

నేను వెంటనే ఫోన్ తీసి జంషెడ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి విమాన దూరం ఎంతో వెతికాను. ఒక వెబ్‌సైటు ఠక్కున జవాబిచ్చింది. దూరం 645 కిలోమీటర్లు, ప్రయాణ సమయం గంటా 18 నిమిషాలు. పైకి చదివి వినిపించాను. తాత అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నాడు.

"గంటన్నరేనా? అయితే పద, ఎల్దాం" అన్నాడు.

పేజీ కిందికి జరిపాక తెలిసింది, ఆ రెండు ఊళ్ల మధ్య విమానమే లేదని. దూరమూ సమయమూ లెక్కగట్టి చూపిస్తున్నారు గానీ ఎక్కడానికి బండి లేదు. ఆ మాట తాతకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని భూగోళం నిర్ణయిస్తుంది. మరి సమయాన్ని ఎవరు నిర్ణయిస్తారు? ఆధునిక భారత చరిత్ర చదువుతున్న కొద్దీ నాకు దొరికిన జవాబు ఇది: ఏ దారి ఎవరి కోసం వేశారన్నదే సమయాన్ని నిర్ణయిస్తుంది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట గురించే. మీరు జీఎస్-1కి చదువుతున్నా, జీఎస్-3లో మౌలిక సదుపాయాల అధ్యాయానికి చదువుతున్నా ఇది పనికొస్తుంది.

ముందు లెక్క సంగతి

వెబ్‌సైటు చెప్పిన 645 ఎలా వచ్చిందో చూద్దాం. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి ఒక వంపు గీత అవుతుంది. దాన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. అమెరికా వెళ్లే విమానాలు ఉత్తర ధ్రువం వైపుగా పోవడానికి కారణం ఇదే. తక్కువ దూరాలకైతే ఆ పెద్ద సూత్రం లేకుండానే, కాగితం మీద లెక్క తేలిపోతుంది.

జంషెడ్‌పూర్ అక్షాంశం సుమారు 22.8 డిగ్రీలు, విశాఖది 17.7. తేడా 5.1 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఉత్తర దక్షిణంగా దాదాపు 565 కిలోమీటర్లు. రేఖాంశాల్లో తేడా 3 డిగ్రీలు. మనం భూమధ్యరేఖకు పైన ఉన్నాం కాబట్టి ఇక్కడ డిగ్రీ కాస్త కురచ, సుమారు 104 కిలోమీటర్లు. అంటే తూర్పు పడమరలుగా 310 చిల్లర. ఇక పదో తరగతి పైథాగరస్ సిద్ధాంతం వాడితే 645 వచ్చేస్తుంది.

సమయం లెక్క ఇంకా తేలిక. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకుని దూరాన్ని 800తో భాగిస్తే 48 నిమిషాలు వస్తుంది. ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలిపితే గంటా 18 నిమిషాలు. అంటే ఆ వెబ్‌సైటు ఏ టైంటేబులూ చూడలేదు. భూమిని కొలిచింది, అంతే. చరిత్రను కొలవలేదు.

ఈ ఊరు పుట్టిందే దూరాల లెక్క మీద

జంషెడ్‌పూర్ గురించి పుస్తకాల్లో పరిశ్రమల స్థాపన అధ్యాయంలో చదివే ఉంటారు. 1904లో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్‌లోని గోరుమహిసాని కొండల్లో ఇనుప ఖనిజం ఉందని జంషెట్జీ టాటాకు ఉత్తరం రాశాడు. అదే ఏడాది మే నెలలో జంషెట్జీ కన్నుమూశాడు. పని కొడుకు దొరాబ్జీ చేతికి వచ్చింది. 1907లో కంపెనీ ఏర్పడింది. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు బయటికొచ్చింది.

సాక్చీ అనే పల్లెనే ఎందుకు ఎంచుకున్నారు? ఇనుప ఖనిజం దక్షిణాన గోరుమహిసానిలో ఉంది. బొగ్గు ఉత్తరాన ఝరియాలో ఉంది. నీటికి సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోటు. సరుకు పంపడానికి దగ్గర్లోనే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి కాళీమాటి స్టేషన్, ఆ రైలు మార్గం చివర కలకత్తా రేవు. ఒక్కొక్క టన్ను ఎంత దూరం మోయాలన్న లెక్క వేసుకున్నాకే ఇక్కడ కొలిమి వెలిగించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి రైలు పట్టాలు మెసపటేమియా దాకా వెళ్లాయి. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ లెక్కలో ఖనిజం ఉంది, బొగ్గు ఉంది, ఉక్కు ఉంది. పనిచేయడానికి వచ్చిన మనుషులు ఇంటికెళ్లే దూరం మాత్రం ఆ లెక్కలో లేదు. ఇక్కడి సంథాల్, హో, భూమిజ్ పల్లెల వాళ్లను ఊరు తనలో కలిపేసుకుంది. బయటి నుంచి వచ్చిన వాళ్లలో ఒడియావాళ్లు, బెంగాలీలు, బిహారీలు, పంజాబీలు, వాళ్లతోపాటు మన ఉత్తరాంధ్రవాళ్లు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం చూస్తే ఇక్కడ మనవాళ్లు ఎంత బలంగా వేళ్లూనుకున్నారో తెలుస్తుంది.

ఉత్తరాంధ్రవాళ్లకు దూరాభారం కొత్త కాదు. అంతకుముందు కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి స్టీమరెక్కి రంగూన్ పోయేవారు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు ఎందరో కాలినడకన తిరిగొచ్చారు. రంగూన్ దారి మూసుకుపోయాక ఖరగ్‌పూర్, టాటానగర్, భిలాయ్ లాంటి ఊళ్లు మన పల్లెల నోళ్లలో మరింతగా నానాయి.

రైలు మార్గంలో ఆమదాలవలస, అంటే శ్రీకాకుళం రోడ్ స్టేషన్, టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్ మీదుగా సుమారు 800 కిలోమీటర్లు. పటం మీద స్కేలు పెట్టి గీస్తే 555 దాకా ఉంటుంది. ఆ తేడా ఎందుకొచ్చింది? మనం ముందు తూర్పుకు, కలకత్తా వైపు 134 కిలోమీటర్లు పోయి, ఖరగ్‌పూర్‌లో బండి మారి, అప్పుడు దక్షిణానికి తిరగాలి. పట్టాలు కలకత్తా రేవును చూసుకుని వేశారు. మనం ఆ వంపు వెంట పోతున్నాం.

గాలిలో మొదటి పది కిలోమీటర్లు

ఇప్పుడు విమానాల దగ్గరికి వద్దాం. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్‌లో ప్రదర్శన జరుగుతున్నప్పుడు ఆన్రీ పెకే అనే ఫ్రెంచి యువకుడు సుమారు 6,500 ఉత్తరాలతో యమున దాటి నైనీలో దిగాడు. దూరం దాదాపు పది కిలోమీటర్లు, సమయం 13 నిమిషాలు. ప్రపంచంలోనే మొదటి అధికారిక విమాన తపాలా ఇది. అంటే ఆ విమానం వేగం గంటకు సుమారు 46 కిలోమీటర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి కరాచీకి సర్వీసు మొదలుపెట్టింది. మధ్యలో కొంత దూరం రైల్లో కూడా పోవాలి. మొత్తం ఏడు రోజుల ప్రయాణం. ఓడతో పోలిస్తే అది గొప్ప వేగం. కానీ ఉత్తరాలు కరాచీలో దిగాక బొంబాయికీ మద్రాసుకూ మళ్లీ రైల్లోనే వెళ్లాలి.

ఆ ఖాళీని పూరించింది జేఆర్‌డీ టాటా. 1929 ఫిబ్రవరి 10న భారతదేశంలో మొదటి నంబరు పైలట్ లైసెన్సు అందుకున్నవాడు. నెవిల్ వింట్‌సెంట్ అనే మాజీ రాయల్ ఎయిర్ ఫోర్స్ పైలట్‌తో కలిసి విమాన తపాలా పథకం వేశాడు. 1932 అక్టోబర్ 15న పుస్ మాత్ అనే చిన్న విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూకి తనే నడుపుకుంటూ వచ్చాడు. ఉదయం ఆరున్నర తర్వాత బయల్దేరి మధ్యాహ్నం రెండు లోపు దిగాడు. ఆ దారి సుమారు 1,050 కిలోమీటర్లు. అక్కడి నుంచి వింట్‌సెంట్ ఉత్తరాలను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. తర్వాతి కాలంలో మన హైదరాబాద్ కూడా ఆ దారిలో చేరింది.

అందులో ప్రయాణికులు లేరు, ఉత్తరాల సంచి ఉంది. మొదట వేగం దక్కింది వ్యాపారుల, అధికారుల కాగితాలకు. మనుషుల వంతు ఆ తర్వాత.

మాకు ఇంకో తమాషా ఉంది. ఆ జేఆర్‌డీయే 1938లో టాటా సంస్థల అధిపతి అయ్యాడు, జంషెడ్‌పూర్ ఉక్కు కంపెనీకీ చైర్మన్‌గా పనిచేశాడు. అంటే దేశానికి విమానయానం నేర్పిన మనిషి, మా ఊరి కర్మాగారం పెద్ద, ఒకడే. ఊళ్లో సోనారి దగ్గర కంపెనీకి సొంత ఎయిర్‌స్ట్రిప్ కూడా ఉంది. రన్‌వే చిన్నది, పెద్ద జెట్ విమానాలు దిగలేవు. కంపెనీ పెద్దల రాకపోకలకు అది సరిపోయింది.

యుద్ధం వేసిన రన్‌వేలు

రెండో ప్రపంచ యుద్ధంలో మా జిల్లా తూర్పు అంచున రెండు పెద్ద వైమానిక స్థావరాలు లేచాయి. ఒకటి చాకులియా, రెండోది ధాల్‌భూంగఢ్. 1944లో అమెరికా తన కొత్త బీ-29 బాంబర్లను ఖరగ్‌పూర్, చాకులియా పరిసరాల్లో నిలిపింది. ఆ విమానాల మొదటి యుద్ధ ప్రయాణం 1944 జూన్ 5న బ్యాంకాక్ మీదికి. పోనూ రానూ సుమారు 3,600 కిలోమీటర్లు. పది రోజులకే ఈ దళాలు చైనాలోని చెంగ్డూ స్థావరాల మీదుగా జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారంపై దాడి చేశాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఒక ఉక్కు పట్నం పక్కనున్న అడవిలోంచి లేచిన విమానాలు, సముద్రాల అవతల ఇంకో ఉక్కు పట్నాన్ని చేరగలిగాయి. 1944 నాటికే ఈ నేల మీంచి 3,600 కిలోమీటర్లు పోయి రావడం సాధ్యమైంది. అంటే అడ్డొచ్చింది సాంకేతికత కాదు. డబ్బు ఎవరు పెడతారు, ఎవరి పని కోసం పెడతారు అన్నదే అసలు విషయం. యుద్ధం అయిపోయింది, అమెరికన్లు వెళ్లిపోయారు, రన్‌వేలకు పగుళ్లిచ్చి గడ్డి మొలిచింది.

స్వాతంత్ర్యం తర్వాత

1946లో టాటా ఎయిర్‌లైన్స్ పబ్లిక్ కంపెనీగా మారి ఎయిర్ ఇండియా పేరు పెట్టుకుంది. అంతకు ఏడాది ముందు నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి హైదరాబాద్‌లో దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వారి మలబార్ ప్రిన్సెస్ విమానం 35 మంది ప్రయాణికులతో బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కు వెళ్లింది. నేరుగా కొలిస్తే 7,200 కిలోమీటర్లు. 1929లో కరాచీకి ఏడు రోజులు పట్టిన లండన్, ఇప్పుడు బొంబాయికి ఒక్క రోజు దూరంలోకి వచ్చింది.

1949లో రాత్రి విమాన తపాలా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి లేచిన విమానాలు అర్ధరాత్రి నాగ్‌పూర్‌లో కలుసుకుని ఉత్తరాల సంచులు మార్చుకుని వెనక్కి పోయేవి. దేశం నడిబొడ్డున ఉండటం వల్ల నాగ్‌పూర్‌కు ఆ అదృష్టం దక్కింది. ఇప్పటి హబ్ అండ్ స్పోక్ పద్ధతికి ఇది తొలి రూపం. మెయిన్స్‌లో ఉదాహరణగా రాస్తే బాగుంటుంది.

1953లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం వచ్చింది. దేశీయ కంపెనీలు ఎనిమిదీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిశాయి, మన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా వాటిలో ఉంది. 1960లో ఎయిర్ ఇండియా బోయింగ్ 707 జెట్‌లు తెచ్చి న్యూయార్క్ దాకా వెళ్లింది. 1994లో ఆ చట్టం రద్దయి ప్రైవేటు కంపెనీలకు తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయి. అదే ఏడాది రూట్ డిస్పర్సల్ మార్గదర్శకాలు వచ్చాయి. లాభాలొచ్చే పెద్ద నగరాల మధ్య తిరిగే కంపెనీలు ఈశాన్య రాష్ట్రాలు, జమ్మూ కశ్మీర్, అండమాన్, లక్షద్వీప్‌లకు కూడా కొంత నడపాలన్నది నియమం. మంచి నియమమే. కానీ జార్ఖండ్ లాంటి ప్రాంతం ఆ ప్రత్యేక జాబితాలోకి రాదు, లాభాల జాబితాలోకీ రాదు. మధ్యలో ఉండిపోతుంది.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం వేసింది. దూరం సుమారు 13,300 కిలోమీటర్లు, సమయం 16 గంటలకు పైన. మన పిల్లలు అక్కడున్నారు, టికెట్లు కొనగలరు, కాబట్టి ఆ దారి పుట్టింది. తప్పేం లేదు. కానీ ఆ 16 గంటల పక్కన మా లెక్క పెట్టి చూడండి.

బారిడీహ్ నుంచి ఆమదాలవలసకు

తాత, నాన్న, నేను ఆ రోజు వేసుకున్న లెక్క ఇది.

విమానమైతే: బారిడీహ్ నుంచి కోల్‌కతా దమ్‌దమ్‌కు కారులో సుమారు ఆరు గంటలు. విమానాశ్రయంలో రెండు గంటల ముందుండాలి. విశాఖకు గంటన్నర. సామాను తీసుకుని బయటపడి, విశాఖ నుంచి పల్లెకు మూడు గంటలు. మొత్తం పన్నెండున్నర గంటలు. అదీ, వేళకు విమానం దొరికితే, ముగ్గురికీ టికెట్లు ఉంటే.

రైలైతే: మధ్యాహ్నం టాటానగర్‌లో ఎక్కి, ఖరగ్‌పూర్‌లో మారి, మర్నాడు తెల్లవారాక ఆమదాలవలసలో దిగాలి. మొత్తం 17 గంటలు.

బారిడీహ్ నుంచి పల్లెకు సూటి దూరం 555 కిలోమీటర్లు అనుకున్నాం కదా. దాన్ని గంటలతో భాగించండి. రైల్లో మా అసలు వేగం గంటకు 33 కిలోమీటర్లు. విమానంలో 44 కిలోమీటర్లు.

ఇప్పుడు 1911 నాటి పెకేను గుర్తుచేసుకోండి. యమున మీద ఎగిరిన ఆ విమానం వేగం 46. నూట పదేళ్లు దాటాక, జెట్ విమానం ఎక్కినా, మా ఇంటి గుమ్మం నుంచి మా ఊరి గుమ్మానికి వేగం అంతకంటే రెండు కిలోమీటర్లు తక్కువ. 1932లో జేఆర్‌డీ నడిపిన పుస్ మాత్ గంటకు 160 కిలోమీటర్ల దాకా పోయేది. అదే సోనారి నుంచి నేరుగా విశాఖకు ఎగిరితే నాలుగు గంటల్లో దిగేవాళ్లం. సాయంత్రానికి పల్లెలో ఉండేవాళ్లం.

ఈ లెక్క వేశాక నాకు అర్థమైంది ఒకటే. విమానం వేగం పెరిగినంత మాత్రాన ప్రయాణం వేగం పెరగదు. విమానాశ్రయానికి పోయే ఆరు గంటలను తగ్గించకుండా, గాలిలో ఉండే గంటన్నరను ఎంత తగ్గించినా మా తాతకు ఒరిగేది లేదు.

ఉడాన్, సోనారి, ధాల్‌భూంగఢ్

ప్రభుత్వం ఈ సమస్యను గుర్తించలేదనలేం. 2016 జాతీయ పౌర విమానయాన విధానం నుంచి ఉడాన్ పథకం వచ్చింది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీ మార్గంతో పాటు కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ విమానాలను కూడా ప్రధాని ప్రారంభించారు. సుమారు 500 కిలోమీటర్లు, గంట ప్రయాణానికి టికెట్ పరిమితి 2,500 రూపాయలుగా మొదట పెట్టారు. కంపెనీకి వచ్చే నష్టాన్ని వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ కింద ప్రభుత్వం పూరిస్తుంది. ఒక విమాన దారిని 'ఇక్కడి సామాన్య ప్రయాణికుడి కోసం' అని చెప్పి వేయడం అంటే ఇదే.

ఉడాన్ కిందే 2023 జనవరిలో సోనారి నుంచి కోల్‌కతాకు తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ విమానం మొదలైంది. తొమ్మిది సీట్లు! పరిశ్రమలతో నిండిన ఇంత పెద్ద ఊరికి. చిన్న రన్‌వే మీద అంతకంటే పెద్దది కష్టం.

అందుకే యుద్ధ కాలపు ధాల్‌భూంగఢ్‌ను బాగుచేసి వాడాలన్న ఆలోచన వచ్చింది. 2019 జనవరి 24న అక్కడ భూమిపూజ చేశారు. ఆ తర్వాత పని అటవీ అనుమతుల దగ్గర చిక్కుకుంది. ఆ ప్రాంతం ఏనుగులు తిరిగే దారి. ఊళ్లో చాలామంది ఏనుగుల మీద కోపం తెచ్చుకుంటారు. నాకు అంత తేలిగ్గా కోపం రాదు. గుంపు తరతరాలుగా పోయే దారి అది. వాటికీ ఊరు చేరాల్సిన వేళలుంటాయి. సివిల్స్‌కు చదివేవాళ్లం కాబట్టి మనం రెండు వైపులా చూడాలి. స్థలం మార్చవచ్చా, సోనారి రన్‌వేను ఎంతవరకు పెంచవచ్చు, ఏనుగుల దారిని తప్పించి కట్టే వీలుందా అని అడగాలి.

ఇంకో ప్రశ్న కూడా నిజాయితీగా వేసుకోవాలి. ప్రతి ఊరికీ విమానాశ్రయం కావాలా? ఉడాన్ దారులు చాలా చోట్ల రాయితీ కాలం ముగియగానే ఆగిపోయాయి. మా బస్తీలో చాలామందికి 2,500 రూపాయలు కూడా పెద్ద మొత్తమే. వాళ్లకు అసలు మేలు టాటానగర్ నుంచి ఉత్తరాంధ్రకు రోజూ నడిచే వేగవంతమైన బండి. 17 గంటలు 11 గంటలైతే చాలు, సూటి దూరం మీద వేగం గంటకు 50 అవుతుంది, అంటే ఇప్పటి విమాన ప్రయాణాన్నే దాటేస్తుంది. కాబట్టి పరిష్కారం రైలు కావచ్చు, విమానం కావచ్చు. కొలత మాత్రం ఇంటి గుమ్మం నుంచి మొదలవ్వాలి.

2024 జూన్ నుంచి పౌర విమానయాన మంత్రిగా ఉన్నది శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఇంటర్వ్యూలో ప్రాంతీయ అనుసంధానం మీద ప్రశ్న వస్తే గుర్తుంచుకోవాల్సిన విషయం. ఈ ఊళ్లో మా శ్రీకాకుళంవాళ్లు ఆ వార్త చదివినప్పుడు ఎందుకు అంత సంబరపడ్డారో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

తాత మాట

మేం రైల్లోనే వెళ్లాం. తాత కిటికీ పక్కన కూర్చుని రాత్రంతా నిద్రపోలేదు. 1967లో వాళ్ల నాన్న పోయినప్పుడు టెలిగ్రాం వచ్చిందట. అది అందేసరికి ఒక రోజు, బయల్దేరి చేరేసరికి ఇంకో రోజున్నర. కడసారి చూపు దక్కలేదు.

"అప్పుడు కబురు ఆలస్యం, బండి ఆలస్యం. ఇప్పుడు కబురైతే నిమిషంలో వచ్చేస్తోంది రా. బండే అక్కడున్నట్టు ఉంది" అన్నాడు.

ఆ మాటలో సమాచార, రవాణా విప్లవాల చరిత్ర మొత్తం ఉంది. కబురు ప్రయాణించే వేగం, మనిషి ప్రయాణించే వేగం ఒకప్పుడు దగ్గర దగ్గరగా ఉండేవి. టెలిగ్రాఫ్ వచ్చి వాటిని విడదీసింది, సెల్‌ఫోన్ వచ్చి పూర్తిగా వేరు చేసేసింది. దుఃఖం ఇప్పుడు క్షణంలో చేరుతుంది. మనిషే చేరలేడు.

మేం దిగేసరికి తెల్లవారింది. దహనం ముందురోజు సాయంత్రమే అయిపోయింది. చీకటి పడేదాకా చూశామని, ఇక ఉంచలేకపోయామని వాళ్లు తాత చేతులు పట్టుకుని చెప్పారు. తాత ఎవరినీ ఏమీ అనలేదు. వాకిట్లో అక్క కూర్చునే నులకమంచం మీద కాసేపు కూర్చున్నాడు.

అందుకే మిత్రులారా, రేపు మీలో ఎవరైనా కలెక్టరైతే, రైల్వేలోనో విమానయాన శాఖలోనో ఫైలు మీ ముందుకొస్తే, 'ఎన్ని కిలోమీటర్లు' అన్న గడితో ఆగిపోకండి. ఎవరి గుమ్మం నుంచి, ఎవరి గుమ్మానికి, ఎన్ని గంటలు అని ఇంకో గడి గీయించండి.

ప్రిలిమ్స్ కోసం ఒకసారి చూసుకోండి

1911 ఫిబ్రవరి 18: అలహాబాద్–నైనీ, మొదటి అధికారిక విమాన తపాలా.
1929 మార్చి 30: లండన్–కరాచీ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సర్వీసు.
1932 అక్టోబర్ 15: జేఆర్‌డీ టాటా, కరాచీ–బొంబాయి.
1948 జూన్ 8: బొంబాయి–లండన్, ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్.
1949: నాగ్‌పూర్ కేంద్రంగా రాత్రి విమాన తపాలా.
1953: ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం, జాతీయీకరణ.
1994: ఆ చట్టం రద్దు, రూట్ డిస్పర్సల్ మార్గదర్శకాలు.
2017 ఏప్రిల్ 27: ఉడాన్ మొదటి విమానాలు.
2022 జనవరి 27: ఎయిర్ ఇండియా మళ్లీ టాటాల చేతికి.

మెయిన్స్ సాధన ప్రశ్న

"భారతదేశంలో రవాణా మార్గాల చరిత్ర, సరుకుకు ఇచ్చిన ప్రాధాన్యం ప్రయాణికుడికి ఇవ్వలేదని చెబుతుంది." చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు.

రాసేముందు మీరూ ఒక పని చేయండి. మీ అమ్మానాన్నల సొంత ఊరు, మీరుంటున్న ఊరు తీసుకోండి. అక్షాంశ రేఖాంశాలతో సూటి దూరం కట్టండి. గుమ్మం నుంచి గుమ్మానికి పట్టే గంటలతో భాగించండి. పెకే 46ను దాటారో లేదో చూసుకోండి. వచ్చే వారం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికోద్యమంతో కలుద్దాం.